గుమ్మం దగ్గరి తిమింగలం పన్ను

పోయినవారం ఉలమీలాను మడచెట్ల మధ్య మోకాలి లోతు బురదలో, చేతిలో పీతల బుట్టతో వదిలి వచ్చాం. కబురు అక్కడికే వచ్చింది. కిటియోనె మరునాడు మధ్యాహ్నం తిమింగలం పన్ను పట్టుకుని ఆమె గుమ్మంలోకి వస్తాడట, జరిగిన తప్పును పాతిపెట్టమని అడుగుతాడట. విని ఉలమీలా నవ్వింది. ఆమె పళ్లు కనబడగా చూసి మూడేళ్లయిందని పక్కనున్న ఆడవాళ్లు చెప్పుకున్నారు.

నడుమ చేరినవాళ్లకు రెండు ముక్కలు. నమాసిలేవు ఊరిని ఏలే దొర తరఫున మాట్లాడేవాడు కిటియోనె. ‘దొర నోరు’ అంటారు అతన్ని. సొంతంగా పడవ ఉంది, అందులో నీటి అడుగున ఊపిరి అందించే యంత్రం ఉంది. మూడేళ్ల కిందట ఉలమీలా మొగుడు వైసాకె ఆ పడవ మీద సముద్ర దోసకాయలు, అంటే నీటి అడుగున పాకే మెత్తటి జీవాలు, ఏరడానికి లోతుకు దిగి, ఆ రోజే నడుము కింద చచ్చుబడిపోయాడు. తాగి తన ఇష్టానికి దిగాడని కిటియోనె చాటాడు, ఊరు నమ్మింది. అవి పాత దొర చనిపోయిన రోజులు. ఆచారం ప్రకారం పగడపు గట్టుకు లోపలి నీళ్లను నూరు రాత్రులు మూసేశారు. గడువు తీరినా మూత తియ్యొద్దని ఆడవాళ్లు పట్టుబట్టి ఇప్పటిదాకా నిలబెట్టారు. ఆ నీళ్లకు కాపలా ఉలమీలా. కొత్త దొర పట్టం కట్టుకునే విందు కోసం శనివారం మూత తీస్తారు. విందుకు సరిపడా చేపలు పట్టి మళ్లీ మూసెయ్యాలని ఆడవాళ్లంటారు. తన పడవ కూడా లోపలికి రావాలని కిటియోనె అంటాడు. ఉలమీలా సరే అంటే తమకేం అభ్యంతరం లేదని ఊరి కమిటీ చేతులు దులుపుకుంది.

“పడవ గట్టు దాటాలంటే ముందు అతను నా గుమ్మం దాటాలి” అని కమిటీలో ఉలమీలా అన్న మాటను కిటియోనె రాజీకి పిలుపు అనుకున్నాడు. అది వల అని అతనికి తోచలేదు. పన్ను పట్టుకుని వచ్చాడంటే తప్పు తనదని ఒప్పుకున్నట్టే కదా. ఇక ఆ తప్పుకు పేరు పెట్టించడమొక్కటే మిగిలింది.

పొద్దున్నే లేచి ఇల్లు ఊడ్చింది. పై కొసన, ఇంటివాళ్లు కూర్చునే చోట, రంగు ఊలు అంచుల కొత్త మొగలాకు చాపలు పరిచింది. గుమ్మం దగ్గర, తప్పు ఒప్పుకునేవాళ్లు కూర్చునే చోట, ఒక పాత చాప తెచ్చి వేసింది. నడుమ చిరిగి, మరకలతో నల్లబడిన చాప అది. వైసాకె వీపు మీద పుళ్లు లేచినప్పుడు ఏడాది పాటు అతని కింద ఉన్నది అదే.

పినమామ ఇనోకె పెళ్లాం తరైవీని దాన్ని చూసి మూతి తిప్పింది. “ఆ చాప తీసెయ్యవే కోడలా. కుక్క కూడా పడుకోదు దాని మీద.”

“కుక్క కోసం వెయ్యలేదత్తా.”

“మరైతే సరిపోయింది” అంది తరైవీని, వక్కపొడి లాంటి నల్లటి పొగాకు బుగ్గలో దోపుకుంటూ.

వైసాకె నడిమి స్తంభానికి వీపు ఆనించుకుని కూర్చున్నాడు. కాళ్ల మీద దుప్పటి. చేతిలో సగం అల్లిన వల ఉంది కానీ, పొద్దుటి నుంచి ఒక్క ముడి పడలేదు. కొబ్బరిపాలలో ఉడికించిన చేమదుంప ముందు పెడితే అలాగే చల్లారిపోయింది. తనలాగే ఇతనూ లోపల రగులుతున్నాడు కాబోలు అనుకుంది ఉలమీలా. ఆ మాట అనుకోవడం ఆమెకు సుఖంగా ఉంది. అతని చొక్కా గుండీలు పెట్టి, జుట్టు దువ్వి, “ఇవాళ నువ్వేం మాట్లాడక్కర్లేదు. కూర్చుని చూడు చాలు” అంది. అతను తల ఊపలేదు, కాదనలేదు.

ఆటు మొదలై, నీళ్లు గట్టు నుంచి వెనక్కి తీస్తున్న వేళకు కిటియోనె వచ్చాడు. వెనక ఇద్దరు బంధువులు. ఉతికిన తెల్లచొక్కా, నడుముకు చుట్టిన ముదురు రంగు సులు గుడ్డ. ఊళ్లో ఏ సభకు వచ్చినా ముందు గొంతు వచ్చి, తర్వాత మనిషి వచ్చేవాడు. ఇవాళ చెప్పుల చప్పుడు కూడా లేదు. నడుము వంచి లోపలికి వచ్చి, గుమ్మం పక్కన ఆ చాప మీద కూలబడ్డాడు. దాన్ని చూసుకున్నాడు. గుర్తుపట్టలేదు. ఎలా పడతాడు, ఒక్కనాడైనా ఈ ఇంట్లోకి తొంగి చూస్తే కదా.

బయట గోడవారగా ఊరి ఆడవాళ్లు పొడుగాటి కొబ్బరాకులు ముందేసుకుని బుట్టలు అల్లుతున్నారు. ఎండ నడినెత్తిన ఉండగా అంతమంది ఒక్కచోట బుట్టలు అల్లాల్సిన పని ఏమీ లేదు.

కిటియోనె గుడ్డలోంచి పన్ను తీశాడు. నూనె పట్టి పట్టి పండిన పసుపురంగు, రెండు కొసలకీ పేనిన కొబ్బరిపీచు తాడు. రెండు చేతులా పట్టుకుని, చూపు నేల మీద పెట్టి మొదలుపెట్టాడు.

“ఈ ఇంటి పెద్దలకు తల వంచి చెప్పుకుంటున్నాను. మనమంతా ఒక నేల మీద మొలిచినవాళ్లం. నడకలో కాలు జారుతుంది, పడవ అన్నాక నీళ్లు చిందుతాయి. తెలిసో తెలియకో, ఎప్పుడైనా ఎక్కడైనా నా వల్ల ఈ ఇంటికి ఏదైనా నొప్పి కలిగి ఉంటే…”

“ఎప్పుడైనా, ఎక్కడైనా, ఏదైనా” అంది తరైవీని, గోడకేసి చూస్తూ. “నోరంటే ఇదే మరి. ఇంత పొడుగు వల వేశాడు, ఒక్క చేపా పడలేదు.”

బయట ఎవరో కిసుక్కున నవ్వారు. తరైవీని పుట్టిల్లు అవతలి దీవిలో. ఆ దీవికీ ఈ ఊరికీ మూలపురుషుడు ఒక్కడే కనుక, అక్కడివాళ్లు ఇక్కడివాళ్లను ఎంత తిట్టినా నవ్వి ఊరుకోవాల్సిందే. కిటియోనె మెడ ఎర్రబడింది.

పై కొసన కూర్చున్న ఇనోకె గొంతు సవరించుకున్నాడు. తండ్రి లేని వైసాకెకు పినతండ్రి అతను, ఈ ఇంటి తరఫున పన్ను అందుకోవాల్సిన పెద్ద. మెత్తటి మనిషి. గుమ్మంలో ఒకడు అలా తల వంచుకుని కూర్చోవడం చూడలేడు. అతని చెయ్యి ముందుకు కదిలింది. చెయ్యి పన్నుకు తగిలిందంటే అయిపోయినట్టే. తప్పు మట్టిలోకి పోతుంది, దాని ఊసు ఇంకెవరూ ఎత్తకూడదు, శనివారం పడవ గట్టు దాటుతుంది.

“మామా” అంది ఉలమీలా.

ఇనోకె చెయ్యి ఆగింది.

ఇక్కడొక చిక్కు ఉంది. వైసాకె తల్లీ కిటియోనె తండ్రీ ఒక కడుపున పుట్టినవాళ్లు. ఆ లెక్కన కిటియోనె వైసాకెకు బావ, ఉలమీలాకు అన్న వరస. అన్నాచెల్లెళ్ల వరసవాళ్లు ముఖాముఖి మాట్లాడుకోరు, ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకోరు. మూడేళ్లుగా ఆ వరసే అతనికి గొడుగు. వీధిలో ఎదురుపడితే ఆమే తల దించుకుని పక్కకు తప్పుకోవాల్సి వచ్చేది. తప్పుకున్న ప్రతిసారీ నోట్లో ఊరిన తిట్టు మింగేది. అవన్నీ కడుపులో పేరుకుని గట్టిపడ్డాయి.

ఆమె తరైవీని వైపు తిరిగి చెప్పింది. “అత్తా, శవాన్ని చూపించకుండా పాతిపెట్టమంటే ఎవరు పాతుతారో అడుగు. తప్పు ఏంటో పేరు పెట్టి చెప్పమను.”

“విన్నావుగా, నోరూ” అంది తరైవీని. “చెవులు కూడా తెచ్చుకున్నావనుకుంటా.”

కిటియోనె పన్నును కొంచెం దించాడు. “అత్తా, పెద్దవాళ్ల ఎదుట ఒక్కొక్కటీ తవ్వుకోవడం మర్యాద కాదు. చెల్లెమ్మ మనసులో ఏముందో నాకు తెలుసు, పడవ సంగతి. మూసిపెట్టిన నీళ్లలో దోసకాయలు బలిసి ఉన్నాయి. మనం తియ్యకపోతే పక్క ఊరివాళ్లు వచ్చి ఎత్తుకుపోతారు. మన సొమ్ము మనవాళ్లకే దక్కాలని నా తాపత్రయం. ఒక్క శనివారం.”

“ఒక్క శనివారం చాలని నాకూ తెలుసని చెప్పత్తా. పోయినసారి, మూత పడకముందు, ఒక్క వారంలోనే ఊడ్చేశారు. అక్కడొకటీ ఇక్కడొకటీ మిగిలితే అవి పిల్లలు పెట్టవు, దగ్గర దగ్గరగా ఉంటేనే పెడతాయి. ఆ ఏడు ఈ ఊరి ఆడవాళ్లు పొద్దంతా గట్టు మీద తిరిగి ఖాళీ బుట్టలతో వచ్చారు. పిల్లలకు పెండలం ఉడకబెట్టి ఉప్పు నంచి పెట్టారు. ఇప్పుడు మోకాలి లోతులో ఆల్చిప్పలు దొరుకుతున్నాయి. ఆ సంగతి తర్వాత. ముందు పేరు చెప్పమను.”

బయట ఆకులు చీల్చే చప్పుడు ఆగిపోయింది.

కిటియోనె వెనక్కి చూశాడు. బంధువులిద్దరూ నేల చూపులు చూస్తున్నారు. పన్నుతో వచ్చినవాడు పన్నుతో తిరిగి వెళితే, వారం తిరక్కుండా పట్టాభిషేకంలో దొర పక్కన నిలబడి ఏ మొహంతో మాట్లాడతాడు? అది అతనికీ తెలుసు, ఉలమీలాకూ తెలుసు. ఆమె కళ్లు ఆర్పకుండా అతని నుదుటి చెమట చూస్తోంది.

“గాలి గొట్టం పాతది” అన్నాడు చివరికి. “అతుకులు వేసి వాడాం. మార్చమని వైసాకె అడిగాడు. ఈ ఒక్క దఫా కానిద్దాం అన్నాను.”

“ఇంకా” అంది ఉలమీలా, తరైవీనికి.

“ఇంకా అట” అంది తరైవీని. ఈసారి గొంతులో వేళాకోళం లేదు.

“రెండుసార్లు దిగి వచ్చాక ఒళ్లు నొప్పులన్నాడు. లోతున ఖరీదైన నల్లరకం దోసకాయలు కనబడ్డాయి. మళ్లీ దింపాను.”

“ఇంకా.”

అతను పన్ను తాడు వేళ్ల మధ్య నలుపుతున్నాడు. “తాగాడన్నది నేను పుట్టించిన మాట. అతను చుక్క ముట్టలేదు.”

బయట ఒక ముసలామె, ఆనాడు వైసాకెను ‘తాగుబోతు’ అని అందరికంటే గట్టిగా తిట్టిన మనిషి, “అయ్యో తండ్రీ” అని తల పట్టుకుంది. ఇనోకె అరచేత్తో మొహం తుడుచుకున్నాడు.

ఉలమీలా ఒంట్లో ఏదో వెచ్చగా పాకింది. నిప్పుల మీద కాల్చిన రాళ్లు వంట గుంటలోకి దింపినప్పుడు పైకి లేచే ఆవిరిలాంటి వెచ్చదనం. ఇదీ ఆమె కోరుకున్నది. వైసాకెను పక్కకు దొర్లించి వీపు కడిగిన ప్రతి ఉదయమూ ఈ గుమ్మాన్ని, ఈ వంగిన మెడను తలుచుకుంటూనే కడిగింది. వెనక్కి తిరిగి మొగుడికేసి చూసింది, అతనూ చూశాడా లేదా అని. వైసాకె కళ్లు మూసుకుని ఉన్నాడు.

“మామా, ఇంక చాలు” అని ఇనోకెతో అన్నది ఆమె కాదు, కిటియోనె. “పడవ కూడా వద్దు. శనివారం రాదు, ఇకముందూ రాదు. అందరూ వింటుండగా చెబుతున్నాను. ఊపిరి యంత్రం అమ్మేస్తాను. ఇక ఇది అందుకోండి.”

గెలుపు. ఎవరు చూసినా అదే మాట అంటారు. నీళ్లు మిగిలాయి, మొగుడి పరువు మిగిలింది, శత్రువు చాప మీద పాకుతున్నాడు. ఇనోకె సంతోషంగా కోడలి వైపు చూశాడు. తరైవీని కూడా కళ్లతోనే చెప్పింది, ఇక వదిలెయ్యవే అని.

కానీ ఉలమీలా లోపల పేరుకున్నది అంత తేలిగ్గా కరిగేది కాదు. ఆమెకు ఆసుపత్రి వసారా గుర్తొచ్చింది. పొద్దు గూకాక వైసాకెను మోసుకొచ్చి దింపారు. డాక్టరు చూసి, “మధ్యాహ్నమే తెచ్చి ఉంటే నడిచేవాడమ్మా” అన్నాడు. ప్రమాదం జరిగింది పొద్దున. మధ్యాహ్నమంతా పడవ ఎక్కడుందో తర్వాత ఎవరో చెప్పారు, మడచెట్ల పాయలో ఆకుల కింద దాక్కుని ఉందట. ఎందుకు దాక్కుందో ఎవరూ చెప్పలేదు. ఆ ఒక్క ప్రశ్న మీదే ఆమె మూడేళ్లు నిద్రపోయి లేచింది.

ఆమె లేచి నిలబడింది. నాలుగడుగులు వేసి కిటియోనె ఎదురుగా ఆగి, సూటిగా అతని కళ్లలోకి చూసి, తానే నోరు విప్పింది.

“మడల్లో పడవ ఎందుకు దాచావు?”

ఇనోకె “కోడలా” అంటూ సగం లేచాడు. కిటియోనె బంధువుల్లో ఒకడు మొహం పక్కకు తిప్పేసుకున్నాడు. చూడకూడనిది చూసినట్టు.

కిటియోనె తల ఎత్తాడు. అతని చూపులో కోపం ఉంటుందనుకుంది. లేదు. జాలి ఉంది. ఆ జాలి ఆమె ఒళ్లు మండించింది.

“చెల్లెమ్మా, ఆ ఒక్కటీ అడక్కు” అన్నాడు. అతనూ నేరుగానే మాట్లాడాడు, కట్టుబాటు ఎటూ తెగింది కనుక. “నన్ను ఎంత కావాలంటే అంత తిట్టు. పడవ తీసుకెళ్లి తగలబెట్టుకో. అది మాత్రం నాతోనే పోనీ.”

“మొగుడి కాళ్లు పోయినదాన్ని. నాతో బేరమాడకు. చెప్పు.”

“చెబితే ఈ ఇంటికే తగులుతుంది.”

“తగిలిందానికంటేనా?”

అతను ఇనోకె వైపు తిరిగాడు. “మామా, మీరు చెప్పండి. ఆపండి ఆమెను.” స్తంభం దగ్గర వైసాకె చేతిలోని వల కింద పడింది.

“మేం గట్టు బయట లేం ఆ పూట” అన్నాడు కిటియోనె మెల్లగా. “లోపల ఉన్నాం. దొర కోసం మూసిన నీళ్లలో. ఆయన్ని మట్టిలో పెట్టి పది రాత్రులు కూడా కాలేదు. నువ్వూ మిగతా ఆడవాళ్లూ పాతిన హద్దు గుంజలు దాటుకునే వెళ్లాం.”

బయట ఒక్కసారిగా గొంతులు లేచి, మళ్లీ అణిగాయి. ఆ ఏడు గట్టు బయట కూడా చేప పడకపోవడానికి కారణం ఎవరో మూసిన నీళ్లలో దొంగతనంగా వేటాడడమేనని ఊరంతా అనుకుంది. ఎవరన్నది ఎన్నడూ తేలలేదు.

“అలా చేసినవాడి ఇంటివాళ్ల మాట ఆ నీళ్ల మీద చెల్లదు, అడుగు పెట్టే హక్కు లేదు అని కమిటీలో పట్టుబట్టి తీర్మానం చేయించింది నువ్వే. నా ఇంటికి తగులుతుందని తెలిసే నేను నోరు మూసుకున్నాను. మీ ఇంటికీ తగులుతుంది. నువ్వు కాపలా కాయడం ఇవాళ్టితో సరి.”

ఉలమీలా వెనక్కి తగ్గలేదు. పట్టు వదిలితే పడిపోతానని తెలిసినదానిలా ఆ మాటనే పట్టుకుని వేలాడింది. “తీసుకెళ్లింది నువ్వు. పడవ నీది. మనిషి చచ్చిపోతుంటే నీ పరువు కోసం మడల్లో దాక్కున్నావు. అది చెప్పు.”

“నేను ఇంజను తిప్పాను, ఆసుపత్రికి పోదామని” అన్నాడు కిటియోనె. “వద్దన్నది అతను. ఒడ్డున మీ ఆడవాళ్లంతా గుంజలు సరిచేస్తున్నారు. మధ్యలో నువ్వు నిలబడి ఉన్నావు. పడవ లోపలి నుంచి రావడం మీరంతా చూస్తారు. అతను పడవ అడుగున పడుకుని నా చీలమండ పట్టుకున్నాడు. ‘మా ఆవిడ చూస్తుంది బావా, చీకటి పడనీ’ అన్నాడు. అప్పటికింకా కాళ్లు కదులుతూనే ఉన్నాయి.”

“అబద్ధం” అంది ఉలమీలా. “వైసాకె, ఇతను అబద్ధం చెబుతున్నాడు. చెప్పు వీళ్లకి.”

వైసాకె కళ్లు తెరిచాడు. భార్యకేసి చూడలేదు. దుప్పటి పక్కకు లాగేసి, రెండు అరచేతులూ చాప మీద మోపి, నడుము ఎత్తి ముందుకు ఈడ్చుకున్నాడు. మళ్లీ చేతులు మోపాడు, మళ్లీ ఈడ్చుకున్నాడు. వెనక కాళ్లు తడిసిన తాళ్లలా వస్తున్నాయి. ఇనోకె సాయం పట్టబోతే తల అడ్డంగా ఊపాడు. నీలం, ఎరుపు ఊలు అంచులు దాటాడు. ఇంటివాళ్లు కూర్చునే కొస దాటాడు. ఉలమీలా పాదాల పక్క నుంచి, ఆమె సులు కొసకు కూడా తగలకుండా జాగ్రత్తగా తప్పించుకుంటూ పోయాడు.

కిటియోనె జరిగి చోటిచ్చాడు. వైసాకె అతని పక్కన, గుమ్మం వైపు, తన ఇంట్లో తప్పు ఒప్పుకునేవాళ్లు కూర్చునే చోట ఒరిగి కూర్చున్నాడు. తల వంచాడు. ఒక చెయ్యి నేల మీద ఊతంగా పెట్టి, రెండో చెయ్యి చాపి, కిటియోనె పట్టుకున్న పన్ను కిందకు చేర్చాడు.

ఇప్పుడు దాన్ని ఇద్దరూ ఎత్తి పట్టుకున్నారు.

తరైవీని పైట కొంగులా భుజాన వేసుకున్న గుడ్డ నోట్లో కుక్కుకుంది. గుమ్మం బయట బుట్టలు వదిలేసి అందరూ కిక్కిరిసి నిలబడి ఉన్నారు. ఆ నీళ్ల కోసం ఉలమీలా వెంట మూడేళ్లు నడిచిన ఆడవాళ్లు వాళ్లు. వాళ్లు చూస్తున్నది కిటియోనెనూ కాదు, వైసాకెనూ కాదు. ఆమెనే.

ఇనోకె చేతులు గాలిలో ఉన్నాయి, ముందుకూ పోవు, వెనక్కీ రావు. “కోడలా” అన్నాడు. “ఇది ఇద్దరిదీ ఇప్పుడు. ఒకరిది పుచ్చుకుని ఒకరిది తోసెయ్యడం నా వల్ల కాదు. ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు.”

మూడేళ్లుగా ఈ రోజు కోసం ఉలమీలా ఒక్క మాట దాచుకుంది. ‘వద్దు’ అన్న మాట. అది ఇప్పుడు నాలుక చివరిదాకా వచ్చి నిలబడింది.